రంగు మారని పాము

బయట నిలబడ్డ యువకుడు గంట నొక్కబోయి ఆగాడు. మెట్లు దిగాడు, మళ్లీ ఎక్కాడు, చొక్కా సర్దుకుని మళ్లీ దిగబోయాడు. కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మరిది, ఎవరో బెదిరిపోయిన మనిషి వచ్చాడని వదినకు చెబుదామని వెనక్కి తిరిగేసరికి ఆవిడ అప్పటికే వెళ్లి తలుపు తీసేసింది.

"లోపలికి రండి బాబూ. ఉత్తినే ఎక్కి దిగడానికైతే మెట్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి," అంది.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టిన నాటినుంచి అందరికీ ఆవిడ భూతద్దం గారే. నిజానికి ఆవిడ దగ్గర భూతద్దం లేదు. ఉన్నదల్లా ముక్కు చివరికి జారిపోయే కళ్లజోడు. మరిది ఆవిడ భర్తకు తమ్ముడు. నడుపుతున్న ఫోటో స్టూడియో మూతపడ్డాక, ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని వదిన దగ్గర సహాయకుడిగా చేరాడు. ఏ కేసులోనైనా ఆయన ఒక సంగతి కనిపెట్టి పరుగెత్తుకొచ్చేసరికి అది ఆవిడకు ముందే తెలిసి ఉంటుంది. అయినా ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. మా వదిన బుర్రే బుర్ర అని వీధంతా చెప్పుకుని తిరిగేవాడు.

యువకుడు కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగేశాడు.

"నా పామును ఎవరో మార్చేశారండీ," అన్నాడు.

మరిది రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. "ఇప్పుడు వెంట తేలేదు కదా?"

"లేదండీ, ఇంట్లో ఉంది. అంటే, నాది కానిది ఇంట్లో ఉంది. నాది ఎక్కడుందో తెలీదు."

"మొదటినుంచి చెప్పండి," అంది వదిన.

"నేను నాటకాల కంపెనీలో లైట్లు వేస్తానండీ. కంపెనీతో ఊళ్లు పట్టుకు తిరగడమే పని. అమ్మానాన్నా పోయాక మా మేనత్తే నన్ను పెంచింది. పసిపిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. పోయిన టూరుకి వెళ్లేముందు ఓ కార్న్ స్నేక్ పిల్లను కొన్నాను. విషం ఉండదండీ, మహా సాధువు. పెన్సిలంత ఉండేది. బూడిద రంగు ఒళ్లు, వీపు మీద ముదురు మచ్చలు. మబ్బు అని పేరు పెట్టి అత్తకి అప్పజెప్పి వెళ్లాను. ఏడాదిన్నర తిరిగి మొన్ననే వచ్చాను."

"వచ్చి చూస్తే?"

"గాజుపెట్టెలో పాము ఉంది. అదే బూడిద, అవే మచ్చలు. బాగా ఎదిగింది, అంతే తేడా. కానీ అది మబ్బు కాదండీ!" అతను ఫోనులో పాత ఫోటో చూపించాడు. "మెడ దగ్గర మొదటి మచ్చా రెండో మచ్చా ఎడమపక్క అతుక్కుని ఉన్నాయి చూశారా? మధ్యలో చిన్న వంతెన వేసినట్టు. ఇంట్లో ఉన్నదానికి రెండూ విడివిడిగా ఉన్నాయి. నేను లైట్లవాణ్ణి, రంగుని చచ్చినా నమ్మను. నీలం దీపం వేస్తే పసుపు చీర కూడా మట్టి రంగులో కనబడుతుంది. గీత మాత్రం ఏ దీపం కిందైనా గీతే."

వదిన కళ్లజోడు పైకి తోసుకుంది. మరిదికి ఆ కదలిక తెలుసు. ఆవిడకు మనిషి నచ్చాడన్నమాట.

"ఈ మాట మీ అత్తగారితో అన్నారా?"

"అన్నాను. 'ఒరేయ్, పిల్లలు పెరిగితే మొహాలు మారవూ?' అని కసిరింది. కసిరి వంటింట్లోకి వెళ్లిపోయింది. నా మొహంలోకి చూడలేదండీ."

"మీరు ఊళ్లో లేనప్పుడు ఫోటోలు పంపేదా?"

"మొదట్లో తెగ పంపేది. తర్వాత ఫోను కెమెరా పాడైందంది."

"పాముతో పాటు ఇంకేమైనా పోయాయా?"

"ఓ పిచ్చి సంగతి ఉందండీ. ఇంట్లో వదిలి వెళ్లిన నా సామాన్ల పెట్టెలోంచి ఒక లైటూ, దానికి అడ్డం పెట్టే నీలం కాగితమూ కనబడటం లేదు. పాముల దొంగకి దీపంతో పనేంటో!"

ఎవరి మీద అనుమానం అని అడిగితే ఇద్దరి పేర్లు చెప్పాడు. మేడమీద అద్దెకుండే వయొలిన్ మాస్టారికి పామంటే హడలు. దాన్ని వదిలించుకోండి మొర్రో అని అప్పుడప్పుడూ మొత్తుకునేవాడట. రెండోవాడు పామును అమ్మిన పెంపుడు జంతువుల షాపాయన. పెద్దదయ్యాక రంగు బాగుంటే తిరిగి తనకే ఇచ్చేయమని అమ్మిన రోజే అడిగాడట. మూడో పేరు చెప్పబోయి యువకుడు నీళ్లు నమిలాడు.

"మబ్బు ఎక్కడ తిండిలేక పడుందోనని ఒక బెంగ," అన్నాడు చివరికి. "అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటుందండీ. నేను పుట్టి బుద్ధెరిగాక మా అత్త నాకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతోందేమో అనిపిస్తోంది. మళ్లీ టూరుకి వెళ్లాలి. ఈ అనుమానం మోసుకుంటూ ఎలా వెళ్లను? పైకి అడిగేసి, నాది పొరపాటైతే, ఆవిడ మొహం ఎలా చూడను?"

వదిన పాత ఫోటోను ఇంకోసారి చూసింది. తర్వాత, "మీ మేడమీద మాస్టారు కొత్త శిష్యుల్ని చేర్చుకుంటారా?" అని అడిగింది.

"చేర్చుకుంటారు."

ఆవిడ మరిది వైపు తిరిగి ఆప్యాయంగా నవ్వింది. మరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వదినా, నాకు ఈల వేయడం కూడా రాదు!"

"అందుకేగా నేర్చుకోవడం," అంది ఆవిడ.

* * *

ఆ ఇల్లు అద్దంలా ఉంది. గచ్చు మీద ఒక వెంట్రుక లేదు. తలుపు దాటగానే ఆస్పత్రుల్లో వాడే మందునీళ్ల వాసన గుప్పున కొట్టింది. మేనత్త పొట్టిగా, చలాకీగా, జుట్టు బిగించి ముడేసుకుని ఉంది. వయొలిన్ కోసం వచ్చారనగానే మరిదిని ఎగాదిగా చూసి, "ఈ వయసులో మొదలెట్టారంటే మెచ్చుకోవాలి. మా మాస్టారిని కూడా మెచ్చుకోవాలి," అంది. ఆయన పాఠం ముగించి పిలిచేదాకా హాల్లో కూర్చోమంది.

హాల్లో ఒక మూల గాజుపెట్టె. అందులో చెక్క తొట్టి పక్కన పాము చుట్ట చుట్టుకుని ఉంది. మరిది ఫోటో తీయాలి కాబట్టి, ఊపిరి బిగబట్టి దగ్గరికి వెళ్లాడు. బూడిద రంగు ఒంటి మీద బొగ్గు రంగు మచ్చలు. మెడ దగ్గర మచ్చలు నిజంగానే విడివిడిగా ఉన్నాయి.

"వదినా, దీని కళ్లేంటి, పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి? గుడ్డిదా పాపం?"

"చూద్దాం, అడుగుదాం," అంది వదిన.

మేనత్త వచ్చి పక్కన నిలబడింది. "ఎలా నిగనిగలాడుతోందో చూశారా? ఏడాదిన్నర అయింది, రంగు ఇసుమంత కూడా మారలేదు. అదే బూడిద. చూడండి, చక్కటి బూడిద!"

"మారాలా అండీ?" అంది వదిన అమాయకంగా.

"అబ్బే, ఎందుకు మారాలి!" అంది ఆవిడ గబగబా.

అప్పుడే పాము తల పైకెత్తింది. గడ్డం కింద, గొంతు పక్కల, లేత పసుపు ఛాయ కనబడింది. మేనత్త ముందుకు వంగింది. ఆమె పెదాలు కదిలాయి. పక్కనే ఉన్న మరిదికి ఆ మాట వినబడింది: "అయ్యో, దీనికి కూడానా!" ఆ వెంటనే ఆవిడ చేతులు కడుక్కోవాలంటూ వెళ్లిపోయింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ చాలాసేపు వంటింటి కుళాయి దగ్గరే నిలబడింది.

వదిన కూడా చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి నడిచింది. దారిలో తాళం వేసిన చిన్న గది ఒకటి ఉంది. పట్టపగలు తలుపు కింది సందులోంచి సన్నటి నీలం వెలుగు గచ్చు మీద పడుతోంది. పెరటి గుమ్మం పక్కన చెత్తబుట్ట. అందులో పైపైనే, ఇంకా తడి ఆరని కుబుసం, తల నుంచి తోక దాకా ఎక్కడా తెగకుండా. వదిన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. కుబుసానికి రంగు లేదు గానీ, మచ్చల అచ్చు పలచగా తెలుస్తోంది.

"మెడ దగ్గర ఫోటో తియ్యి," అంది వెనకే వచ్చిన మరిదితో.

మరిది కళ్లు సగం మూసుకుని తీశాడు. మేడమీంచి మాస్టారు పిలిచాడు.

పాఠం సంగతి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద. మరిది కమాను అలా లాగగానే మాస్టారు కళ్లు మూసుకుని, చెవులు మూసుకోవడానికి మొహమాటపడి, "మీరు కాసేపు వింటే చాలు," అన్నాడు. వదినకు కావలసింది అదే.

"కింద పాముందని తెలిసి కూడా ఉంటున్నారంటే మీకు ధైర్యం ఎక్కువేనండీ," అంది.

"ధైర్యమా! రోజూ మెట్లు దిగేటప్పుడు నా పై ప్రాణాలు పైనే పోతాయండీ. కానీ ఆవిడ మంచితనం అలాంటిది. జ్వరం వస్తే కన్నతల్లిలా చూస్తుంది. ఒక్కటే బాధ. ఫ్రిజ్ మా ఇద్దరిదీ ఒకటే. అందులో పాముకి పెట్టే గడ్డకట్టిన ఎలుకలుంటాయి. ఇదివరకు ఓ మూల సర్దుకునేవి. ఈమధ్య నా పెరుగు గిన్నెకి కూడా చోటు లేదు!"

"ఎంత తిన్నా ఒక్క పామే కదండీ?"

"నేనూ అదే అడిగాను. ఎదిగే వయసు అంది."

"గోడ మీద కాగితం చూశాను, మొన్న మీ శిష్యుల కచేరీ జరిగిందట కదా. మా మరిది ఫోటోలు తీసేవాడు, పిలవాల్సింది."

"అవసరం పడలేదండీ. ఈవిడే తన ఫోనుతో తీసింది. ఎంత బాగా వచ్చాయో!" మాస్టారు మురిసిపోతూ చూపించాడు.

మరిది వదిన వైపు చూశాడు. పాడైన కెమెరా! వదిన మాత్రం ఫోటోలోని పిల్లల్ని మెచ్చుకుంటూ కూర్చుంది.

* * *

పెంపుడు జంతువుల షాపాయన లావుగా, నవ్వుమొహంతో, భుజం మీద ఒక చిలుకతో ఉన్నాడు. కార్న్ స్నేక్ రంగుల సంగతి ఎత్తగానే ఆయనకు పూనకం వచ్చినంత పనైంది.

"రంగు రకాలను మా భాషలో మార్ఫ్‌లంటామండీ. ఇందులో తమాషా ఏంటంటే, గుడ్డులోంచి వచ్చిన రోజు చూసి ఏదీ తేల్చలేం. ఇదిగో, ఈ బూడిద పాము పిల్లప్పుడూ బూడిదే, ఇప్పుడూ బూడిదే. ఎర్రరంగు అసలు పుట్టని రకం. ఎదిగాక గొంతు దగ్గర కాస్త పసుపు తేలుతుంది. వయసొచ్చిందని గుర్తు, మనకి మీసాలొచ్చినట్టు. ఆ పైన ఉన్నది పిల్లప్పుడు గులాబీ రంగులో ఉండేది, ఇప్పుడు వెన్నలా ఉంది. ఒకే గూట్లో పుట్టి అన్నీ బూడిదగా కనబడే పిల్లలు కూడా పెరిగేకొద్దీ తలో దారీ పడతాయి. ఆ లైట్ల బాబు కొన్న పిల్ల అలాంటి గూటిదే. ఏది ఏమవుతుందో నేనే చెప్పలేకపోయాను."

"మచ్చలు కూడా అలాగే మారతాయా?" అడిగాడు మరిది.

"మచ్చ మారదండీ! రంగు ముదురుతుంది, వెలుస్తుంది, అంతే. మచ్చల ఆకారం గుడ్డులో ఎలా పడిందో చివరిదాకా అలాగే."

"మరి కళ్లు పాలు పోసినట్టు అయితే?"

"కుబుసం విడిచే ముందు అలా అవుతుంది. కొద్ది రోజుల్లో కళ్లు తేటపడి, ఆ తర్వాత కుబుసం వదిలేస్తుంది. వదిలాక మళ్లీ చాన్నాళ్లదాకా కళ్లు అలా అవ్వవు."

వదిన చిలుకకు ఒక గింజ అందించింది. "ఈమధ్య ఎదిగిన బూడిద పామును ఎవరికైనా అమ్మారా?"

షాపాయన నవ్వు ఆగిపోయింది. "అమ్మాను. ఎవరికో అడక్కండి. చెప్పనని మాటిచ్చాను."

"పేరు వద్దులెండి. ఆ మనిషి ఒక ఫోటో చూపించి, అచ్చం ఇలాగే ఉండాలని అడిగారు. అంతేనా?"

షాపాయన నోరెళ్లబెట్టాడు. "మీకెలా తెలుసు?"

వీధిలోకి రాగానే మరిది ఆపుకోలేకపోయాడు. "దొరికాడు వదినా! మాస్టారే! భయంతో మబ్బును ఎక్కడో వదిలేసి, అచ్చంగా ఉండేదాన్ని కొనుక్కొచ్చి పెట్టాడు!"

"పామంటే భయపడేవాడు ఒక పామును తీసేసి ఇంకో పామును చేతులారా తెచ్చి పెడతాడా మరిదీ?"

మరిది ఆలోచించాడు. "అయితే షాపాయన."

"రేపు పొద్దున అందర్నీ ఆ హాల్లో కూర్చోబెడదాం. షాపాయన్ని కూడా పిలువు. ఇవాళ మాత్రం ఇంటికెళ్లి హాయిగా వయొలిన్ సాధన చెయ్యి," అంది ఆవిడ. ఆవిడ మొహం వెలిగిపోతోంది. దొంగను పట్టబోయే మొహంలా లేదే అనుకున్నాడు మరిది.

* * *

మర్నాడు ఎండ హాల్లోకి ఏటవాలుగా పడుతున్న వేళకు అందరూ చేరారు. మేనత్త కుర్చీలో నిటారుగా, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. యువకుడు ఆమె పక్కన నిలబడ్డాడు గానీ కూర్చోలేదు. మాస్టారు గాజుపెట్టెకు వీలైనంత దూరంగా, గుమ్మం దగ్గర ఉన్నాడు. షాపాయన చిలుకను ఇంట్లో వదిలేసి వచ్చాడు.

తానెవరో చెప్పి, నిన్నటి వయొలిన్ నాటకానికి మాస్టారికి క్షమాపణ చెప్పి, వదిన మొదలుపెట్టింది.

"ఈ గాజుపెట్టెలో ఉన్నది మబ్బు కాదు. ఈ బాబు చెప్పింది అక్షరాలా నిజం. మచ్చలు మారవు. కాబట్టి పామును మార్చారు. ఎవరు?"

మాస్టారు గాజుపెట్టె వైపు చూసి ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"బయటి దొంగ వచ్చాడనుకుందాం. వాడు మోసం చేయాల్సింది ఎవర్ని? ఊళ్లోనే లేని మేనల్లుణ్ణి కాదు. పొద్దున లేస్తే పాము మొహం చూసే నర్సమ్మగారిని. ఆవిడకి తేడా తెలియకూడదంటే, ఆ రోజు మబ్బు ఎలా ఉందో అలాంటి పామునే తెచ్చి పెట్టాలి. ఇక్కడ పెట్టిన పాము మాత్రం ఏడాదిన్నర కిందటి ఫోటోలో మబ్బు ఎలా ఉందో అలా ఉంది. అంటే ఈ మార్పిడి చేసినవాళ్లకు, రోజూ చూసే మనిషిని మోసం చేసే పనే లేదు. ఏడాదిన్నరగా చూడని మనిషి ఒక్కడి కోసమే ఇదంతా చేశారు."

మరిది నెమ్మదిగా మేనత్త వైపు తిరిగాడు. అందరూ అటే తిరిగారు. యువకుడు మాత్రం నేలచూపులు చూస్తున్నాడు.

"అత్త అమ్మేసిందంటారా?" అన్నాడు.

"తొందరపడకండి బాబూ. మీ మబ్బు ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఈ పాము కళ్లు పాలలా ఉన్నాయి, అంటే ఇది ఇంకా కుబుసం విడవలేదు. కానీ నిన్న మీ చెత్తబుట్టలో తడి ఆరని కుబుసం ఉంది. మరిదీ, ఫోటో చూపించు. మెడ దగ్గర మచ్చలు రెండూ అతుక్కుని లేవూ? ఫ్రిజ్‌లో మాస్టారి పెరుగు గిన్నెకు చోటు లేకపోవడం కూడా అందుకే. తినే నోళ్లు రెండు."

యువకుడు ఫోటోను లాక్కున్నంత పని చేశాడు. "వంతెన! అదే వంతెన! బతికే ఉన్నాడు!"

"బతికే ఉన్నాడు. మీ లైటూ, నీలం కాగితమూ వాడి దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి నర్సమ్మగారూ, పసిపిల్లల వార్డులో నీలం దీపం కింద పడుకోబెట్టేది ఏ పిల్లల్ని?"

మేనత్త ఏదో అనబోయి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఒక్కసారిగా బయటపడిపోయింది.

"కామెర్లొచ్చిన పిల్లల్ని," అంది. "వాడికి కామెర్లమ్మా! నా చేతుల్లోకి వచ్చాకే వచ్చాయి. ముందు మెడ దగ్గర కాస్త పసుపు. సబ్బుతో తుడిస్తే పోతుందేమో అనుకున్నా. తర్వాత పక్కలంతా పాకింది. నెలలు గడిచేకొద్దీ ఒళ్లంతా పచ్చగా అయిపోయాడు. జీవితమంతా ఎంతమంది పిల్లల కామెర్లు తగ్గించానో! వీడికి మాత్రం ఆ దీపం కింద తగ్గినట్టే కనబడుతుంది, బయటికి తీసి చూస్తే మునుపటికన్నా ఎక్కువగా ఉంటుంది!"

"నీలం కింద పసుపు కనబడదు అత్తా..." అన్నాడు యువకుడు, నవ్వాలో ఏడవాలో తెలియక.

"నాకేం తెలుసురా! ఒరేయ్, నాకు నువ్వు అప్పజెప్పింది ఒక్క ప్రాణి. 'అత్తా, నీ దగ్గరుంటే నాకు దిగుల్లేదు' అని వెళ్లావు. వచ్చేలోపు నయం చేసేద్దామనుకున్నా. నయం కాలేదు. నువ్వొచ్చే రోజు దగ్గర పడింది. నయమయ్యేదాకా నువ్వు బెంగపెట్టుకోకుండా ఉంటావని దీన్ని తెచ్చి పెట్టా. నీ ముందు అబద్ధం ఆడాల్సొచ్చింది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు దీనికి కూడా అంటుకుంది. గొంతు పచ్చబడింది. నా చేతులే మంచివి కావు."

"ఎవరికైనా చూపించొచ్చు కదండీ," అన్నాడు మరిది జాలిగా. "పోనీ, ఫోనులో వెతికినా..."

మేనత్త తల ఎత్తింది. నర్సు మళ్లీ బయటికొచ్చింది. "ఫోనులో చూసొచ్చి నాకే వైద్యం చెప్పబోయిన తల్లుల్ని వందసార్లు కసిరినదాన్ని. నేను ఫోను చూడనా? జంతువుల డాక్టరేమో మా పాత డాక్టరమ్మ భర్త. పాముకి కామెర్లు తెప్పించానని ఆస్పత్రంతా టముకు వేసేవాడు!"

షాపాయన అప్పటిదాకా బిగబట్టినది దుఃఖం కాదు, నవ్వని తెలిసిపోయింది. పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. వదిన ఆయన్ని కళ్లతోనే ఆపి, మేనత్త పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నర్సమ్మగారూ, నా మాట వినండి. వాడికే జబ్బూ లేదు. మబ్బు పుట్టుకతోనే ఆ రంగు తెచ్చుకున్నాడు. కొన్ని పిల్లల్లో ఎర్రరంగు రావాల్సిన చోట పసుపు వస్తుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు అది కనబడదు, బూడిదగానే ఉంటారు. తిని, ఎదిగి, ఆరోగ్యంగా ఉన్నకొద్దీ పసుపు పైకి తేలుతుంది. ఏమండీ షాపుగారూ?"

"కేరమెల్ అంటామండీ ఆ మార్ఫ్‌ని," అన్నాడాయన కళ్లు ఒత్తుకుంటూ. "మీరు ఎంత బాగా చూసుకుంటే అంత పచ్చగా అవుతాడు! ఇదిగో దీని గొంతు పసుపంటారా, దీనికి వయసొచ్చింది, అంతే. పెళ్లీడుకొచ్చిందని సంతోషించండి."

మేనత్త షాపాయన్ని చూసింది, వదినను చూసింది, చివరికి మేనల్లుణ్ణి చూసింది.

"అంటే... వాడు బాగానే ఉన్నాడా?" అంది చిన్నగా.

"తాళం తియ్యత్తా," అన్నాడు యువకుడు.

ఆ గదిలో నీలం వెలుగు మధ్య శుభ్రమైన గాజుపెట్టె, మెత్తటి గుడ్డ, పక్కనే ఒక మాస్కు, చేతి తొడుగులు వరసగా పేర్చి ఉన్నాయి. పసిపిల్ల ఉయ్యాల దగ్గర కూడా అంత ఏర్పాటు ఉండదనిపించింది మరిదికి. యువకుడు వెళ్లి దీపం ఆర్పేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. ఎండ లోపలికి పడింది.

మబ్బు పెట్టెలోని చెక్క కింద నుంచి మెల్లగా బయటికొచ్చాడు. ఒళ్లంతా తేనె రంగు, దాని మీద ముదురు గోధుమరంగు మచ్చలు, పక్కల్లో నిమ్మపండు పసుపు. మెడ దగ్గర ఎడమపక్క రెండు మచ్చలూ అతుక్కునే ఉన్నాయి. పామంటే పారిపోయే మరిది తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకేసి, "అబ్బ!" అన్నాడు. గుమ్మం దగ్గరి మాస్టారు కూడా మెడ సాచి చూశాడు.

"వీణ్ణా నువ్వు దాచింది!" అన్నాడు యువకుడు. అతనికి నవ్వు ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. "నేనేమో నువ్వు నన్ను మోసం చేశావనుకున్నా. నన్ను క్షమించత్తా."

"నువ్వు నన్ను క్షమించరా. అబద్ధం ఆడింది నేను."

"సరే, చెల్లుకు చెల్లు. ఇక చేతులు చాపు."

మేనత్త అలవాటుగా తొడుగుల కోసం చెయ్యి చాపింది. యువకుడు వాటిని పక్కకు నెట్టేసి, పామును ఎత్తి ఆమె వట్టి చేతుల్లో పెట్టాడు. జబ్బు అంటించకూడదని, అంటుకోకూడదని, ఇన్ని నెలలుగా ఆవిడ వాణ్ణి ఒక్కసారి కూడా వట్టి చేత్తో తాకలేదు. మబ్బు ఆమె మణికట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని, మోచేతి మీదుగా నింపాదిగా పైకి పాకి, భుజం మీద తల ఆనించాడు.

మేనత్త కిటికీ దగ్గరికి నడిచి, ఎండలో చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"రోజూ చూశానురా వీణ్ణి," అంది. "రోజూ జబ్బునే చూశాను. వీడు ఇంత అందంగా ఉన్నాడని నాకు తెలియనే లేదు."